వందన సమర్పణకు ముందు

కిందటి శీతాకాలంలో ఒక గురువారం నాడు ఆఫీసుకు ఒంటిపూట సెలవు పెట్టి, హైదరాబాద్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద జరుగుతున్న స్మారకోపన్యాసానికి వెళ్లాను. ఆహ్వాన పత్రిక చివర "అందరూ ఆహ్వానితులే" అని అచ్చు వేశారు. ఆ మాటను నేను ఎప్పుడూ నిజమనే నమ్ముతాను కనుక, నాకు పరిచయమున్న ఆచార్యులు అక్కడ ఎవరూ లేకపోయినా, నోటు పుస్తకం పట్టుకొని నాలుగో వరుసలో కూర్చున్నాను.

సభ 10.30కి మొదలు కావలసింది, 11.15కి మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, స్వాగత వచనాలు అయ్యాయి. వేదిక మీద ఉన్న ఏడుగురిని ఒక్కొక్కరినీ పరిచయం చేసి పుష్పగుచ్ఛాలు ఇచ్చారు. అధ్యక్షులు 25 నిమిషాలు మాట్లాడారు, ముఖ్య అతిథి 20 నిమిషాలు మాట్లాడారు. వక్త మైకు ముందుకు వచ్చేసరికి 12.20 అయింది. ఆమె చాలా గొప్పగా మాట్లాడారు. పాట పాడే మనిషి మారినప్పుడు పాట ఎక్కడెక్కడ మారుతుందో, ఏ చరణం నిలుస్తుందో, ఏ చరణం రాలిపోతుందో 50 నిమిషాల పాటు ఉదాహరణలతో విప్పి చెప్పారు. నేను ఆరు పేజీలు రాసుకున్నాను. ఆమె కూర్చున్న వెంటనే నిర్వాహకులు మైకు తీసుకొని, సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం ఇవ్వలేకపోతున్నామని, ఆసక్తి ఉన్నవారు భోజన విరామంలో వక్తను కలవవచ్చని చెప్పి వందన సమర్పణకు పిలిచారు. వందన సమర్పణ 12 నిమిషాలు సాగింది. 2 గంటలకు నేను ఆఫీసులో ఉండాలి.

నా దగ్గర ఒక ప్రశ్న ఉండిపోయింది. మా అమ్మ సూర్యాపేట దగ్గరి ఊరి మనిషి. వడ్లు దంచుతూ పాడిన పాటలు ఆమెకు ఇప్పటికీ ఇరవై దాకా గుర్తున్నాయి. అందులో ఒక రోకటి పాటలో కోడలు అత్తింటి నుంచి పుట్టింటికి బయలుదేరుతుంది. ఆ పాటకు నేను చూసిన అచ్చు ప్రతిలో ఆమె పుట్టింటికి చేరుతుంది, భర్త వచ్చి బతిమాలుతాడు, ఆమె తిరిగి వెళుతుంది. అమ్మ పాటలో ఆ పిల్ల వాగు దాటుతుంది, అక్కడితో పాట ఆగిపోతుంది. తరువాత ఏమైందని అడిగితే "అంతే పాట" అంటుంది. అమ్మ మరిచిపోయిందా, అమ్మకు నేర్పినవాళ్లే అంతవరకు పాడారా, లేక సేకరించిన చోట ఎవరైనా ముగింపు చేర్చారా అన్నది నేను అడగదలచుకున్నది. చరణాలు రాలిపోవడం గురించి అంతసేపు మాట్లాడిన మనిషి నాకు పది గజాల దూరంలో ఉన్నారు. భోజనాల దగ్గర ఆమె చుట్టూ పరిశోధక విద్యార్థులు ఫొటోల కోసం నిలబడి ఉండగా నేను బస్సు ఎక్కడానికి బయటికి నడిచాను.

ఆ రోజు నుంచి నన్ను వదలని ఆలోచనను ఇక్కడ వాదనగా పెట్టదలచుకున్నాను. విశ్వవిద్యాలయాలు సాహిత్యం మీద, మానవీయ శాస్త్రాల మీద జరిపే బహిరంగ ఉపన్యాసాలలో ప్రశ్నల సమయం ఉపన్యాసానికి అనుబంధం కాదు, ఉపన్యాసంలో సగం. దాన్ని నిర్వాహకుల దయకు, మిగిలిన నిమిషాలకు వదిలేస్తే ఆ సభను బహిరంగ సభ అనడానికి వీల్లేదు. తలుపు తెరిచి ఉండటం, కుర్చీ ఖాళీగా ఉండటం, టికెట్టు లేకపోవడం మంచివే. కానీ వచ్చినవాళ్లు నోరు తెరిచే వీలు లేనప్పుడు వాళ్లను పిలిచింది వినడానికి మాత్రమే అవుతుంది.

ఇది కొత్త కోరికేమీ కాదు. ప్రశ్ననే కార్యక్రమంగా చేసుకున్న సంప్రదాయం తెలుగులో ఉంది. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు, లేకపోతే అవధానమే లేదు. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ నిషిద్ధాక్షరి నడిపేవారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రత చెదరగొట్టేవారు అవధానితో పాటు వేదిక మీదే కూర్చుంటారు. అడగడం ఒక విద్య అని, అడిగే మనిషికి గౌరవ స్థానం ఉండాలని ఆ ఏర్పాటే చెబుతుంది. పద్యం మీద నాకున్న ఇష్టాన్ని పక్కన పెట్టి చూసినా, సభను ఎలా కూర్చాలో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. ఈనాటి సాహిత్య సభలో వేదిక మీద ఏడు కుర్చీలు వేసి, వాటిలో ఒక్కటి కూడా అడిగేవారికి కేటాయించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. ఈ నగరంలో తెలుగు సాహిత్య పరిశోధన పెరిగిందే వినడం వల్ల. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద 1950లలో పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. ఆ పని చేయడానికి ఆయనకు గ్రంథాలయం ఒక్కటే సరిపోలేదు, పాడేవాళ్ల దగ్గరికి వెళ్లి వినవలసి వచ్చింది. తరువాత నాయని కృష్ణకుమారి కూడా జానపద గేయగాథల మీద పరిశోధించారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. నాగలిలోని ఒక్కో భాగాన్ని ఏ ప్రాంతంలో ఏమంటారో రైతుల దగ్గర కూర్చొని అడిగి రాసుకోకపోతే ఆ పుస్తకం లేదు. చేనేత పదాల కోశం కూడా అలాగే మగ్గాల దగ్గర నుంచి వచ్చింది. తరువాత కృష్ణమూర్తి ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నడిపారు, 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఈ శాఖలు, ఈ పీఠాలు నిలబడిన పునాదిలో వేలమంది చదువుకోని మనుషుల మాటలున్నాయి. సేకరించేటప్పుడు వాళ్లను గంటల తరబడి మాట్లాడించి, ఆ సేకరణ మీద ఉపన్యాసం జరిగేటప్పుడు వాళ్ల పిల్లలకు ఐదు నిమిషాలు కూడా ఇవ్వకపోవడం న్యాయంగా లేదు. నేను కోరుతున్నది దయ కాదు, చెల్లించవలసిన బాకీ.

ఇక వేళ సంగతి. పని దినాన పొద్దున పదిన్నరకు సభ పెట్టి అందరూ రావాలనడంలో ఒక వైరుధ్యం ఉంది. ఊళ్లలో హరికథ, బుర్రకథ, పురాణం పొద్దుగూకాకే జరిగేవి. పొలం నుంచి వచ్చిన మనిషి కాళ్లు కడుక్కొని, ఇంత తిని, తీరికగా వచ్చి కూర్చునే వేళను చూసి కథకుడు కథ ఎత్తుకునేవాడు. పగటి సభకు వచ్చేది ఎవరంటే హాజరు కోసం తీసుకువచ్చిన విద్యార్థులు, తరువాతి సమావేశంలో పత్రం చదవవలసినవాళ్లు, పదవీ విరమణ చేసిన కొందరు పెద్దలు. రెండు రోజుల జాతీయ సదస్సులలో పరిస్థితి మరీ దిగులు కలిగిస్తుంది. నలభై, యాభై పత్రాలను సమాంతర సమావేశాలుగా పంచి, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలిచ్చి, చదవడం అయిన వెంటనే ప్రశంసాపత్రం చేతిలో పెడతారు. పత్రం చదివినవాళ్లు ప్రశంసాపత్రం తీసుకొని సర్దుకుంటారు. పదోన్నతికి పత్రసమర్పణలు, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య ఉన్న సంచికలు లెక్కకు వస్తాయి గానీ, ఎదుటివారి ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పడం ఏ లెక్కలోకీ రాదు. వ్యవస్థ దేనిని లెక్కిస్తే మనుషులు దానిని చేస్తారు కనుక, ఇందులో అధ్యాపకులను మాత్రమే తప్పుపట్టలేను.

దూరం కూడా చిన్న విషయం కాదు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనప్పుడు అడిక్‌మెట్ ఊరి చివర, ఇప్పుడది నగరం నడుమ. తార్నాకలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. కానీ హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి వైపు ఉన్నాయి. రామంతాపూర్‌లో ఉండే నాకు ఆ రెండింటిలో ఎక్కడ సభ జరిగినా మెట్రో, బస్సు, ఆటో మూడూ మారి చేరడానికి రెండు గంటలు పడుతుంది. తెలుగు విశ్వవిద్యాలయం 1985 నుంచి నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఉండటం మా వంటివాళ్లకు ఎంత మేలు చేసిందో, ఆఫీసు వదిలాక నడిచి వెళ్లి అక్కడి ఆడిటోరియంలో కూర్చున్న సాయంత్రాలు గుర్తున్నవాళ్లకు తెలుసు. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు బాచుపల్లిలో విశాలమైన ప్రాంగణం ఉంది. విద్యార్థులకు అది అవసరమే, కాదనను. అయినా సాయంత్రపు సభలు మాత్రం నాంపల్లిని విడిచిపెట్టకూడదని గట్టిగా కోరుకుంటాను.

హైదరాబాద్ విశ్వవిద్యాలయానికైతే ఇందుకు తగిన ఇల్లు పుట్టుకతోనే ఉంది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం మొదట నడిచింది నాంపల్లిలోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, అంటే సరోజినీ నాయుడు ఇంట్లో. రచయితలు, రాజకీయ నాయకులు, విద్యార్థులు వచ్చి కూర్చొని మాట్లాడుకున్న ఇల్లు అది. గచ్చిబౌలిలో చేసిన ప్రసంగాన్నే మరుసటి సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడ యాభై కుర్చీలు వేసి మళ్లీ చేయిస్తే, వక్తకు అయ్యే అదనపు ఖర్చు ఒక రాత్రి బస. ఎదురుగా కూర్చునేవాళ్లు మాత్రం పూర్తిగా వేరే మనుషులవుతారు. కోఠిలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన ఆ గ్రంథాలయం, నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని కాలంలో తెలుగు చదువరులను పోగుచేసింది. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు బొగ్గులకుంటలో ఉంది. ఆ పరిషత్తు నడిపిన ప్రవేశ, విశారద పరీక్షలు రాసి తెలుగు నేర్చినవాళ్లు మా పై తరంలో ఎందరో ఉన్నారు. విశ్వవిద్యాలయాలు ఈ రెండు చోట్లకూ నెలకొకసారి వెళ్లినా చాలు.

భాష దగ్గరికి వస్తే నాకు 1921 నవంబరులో ఇదే నగరంలో జరిగిన సంగతి గుర్తుకు వస్తుంది. వివేకవర్ధనిలో మహారాష్ట్ర సంస్కర్త కార్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరుగుతుంటే, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయారు. సభలో కొందరు గేలిచేసి ఆయనను సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే, మాడపాటి హనుమంతరావు మొదలైన కొద్దిమంది కూడబలుక్కొని తెలుగువారి కోసం ఆంధ్ర జనసంఘాన్ని పెట్టుకున్నారు. ఇప్పుడు తెలుగులో అడిగినవారిని ఎవరూ గేలిచేయరు. కానీ తెలుగు నవల మీద ప్రసంగమంతా ఇంగ్లీషులో సాగాక, తెలుగులో లేచి అడగవలసిన మనిషి తనంతట తానే కూర్చుండిపోతాడు. పక్క కుర్చీలలోని చాలామంది అలా తగ్గిపోవడం నేను చూశాను. బయటికి వచ్చాక మెట్ల మీద వాళ్లు మాట్లాడుకునే మాటలు లోపల అడిగినవాటికన్నా పదునుగా ఉంటాయి.

సిద్ధాంత పరిభాష తెలుగులో లేదన్న మాటను నేను ఒప్పుకోను. అస్తిత్వవాదం, ఆధునికోత్తరవాదం, వినిర్మాణం వంటి మాటలు ఎప్పుడో వచ్చాయి. అవి బతకాలంటే సభలో పలకాలి, అర్థం కాలేదని ఎవరైనా చెప్పాలి, అప్పుడు వక్త ఇంకొక విధంగా చెప్పాలి. అంతకన్నా కష్టమైన పనికి ఈ నగరం ఒకప్పుడు పూనుకుంది. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో చెప్పాలని నిర్ణయించి, అందుకోసం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. ఒక్కో పారిభాషిక పదం కోసం శాస్త్రం తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ కలిసి కూర్చొని చర్చించేవాళ్లు. ఆ ఉర్దూ ఈ నేల మీద ఎక్కువమంది ఇంట్లో మాట్లాడే భాష కాదన్నది నిజం. మన భాషలకు ఉన్నత విద్య మోయడం చేతకాదన్న మాటకు వంద సంవత్సరాల కిందటే ఇక్కడ జవాబు దొరికిందన్నది కూడా అంతే నిజం.

2020 తరువాత ఉపన్యాసాలు యూట్యూబులో ఉంటున్నాయి కదా, ఎవరి తీరికలో వాళ్లు వినవచ్చు కదా అని మా అబ్బాయి అంటాడు. ఖమ్మంలో ఉన్నవారికి, చూపు తగ్గిన పెద్దలకు, చంటిబిడ్డ ఉన్న తల్లికి అవి గొప్ప మేలు. నేనూ వంట చేసుకుంటూ వింటాను. కానీ రికార్డులో నాకు వినిపించేది పూర్తయిన మాట. నా సందేహం వల్ల మారే అవకాశం దానికి లేదు.

నిండిన సభ సైతం దీనికి పరిష్కారం కాకపోవచ్చునని పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్ అనుభవం చెబుతుంది. 1530లో మొదలైన ఆ సంస్థలో పరీక్షలు లేవు, పట్టాలు లేవు. ఎవరైనా పేరు నమోదు చేసుకోకుండా, రుసుము కట్టకుండా వెళ్లి పాఠం వినవచ్చు. అక్కడ 1970 నుంచి బోధించిన తత్వవేత్త మిషెల్ ఫూకో పాఠాలకు జనం ఎంతగా వచ్చేవారంటే, పక్క గదిలో లౌడ్‌స్పీకర్లు పెట్టవలసి వచ్చేది. దానికి ఆయన సంతోషించలేదు. వచ్చినవాళ్లతో మాట్లాడే వీలు, చర్చించే వీలు లేకుండా పోయిందని బాధపడి, 1976లో పాఠాన్ని పొద్దుటి వేళకు మార్చి జనాన్ని తగ్గించాలని చూశారు. పాఠం చెప్పేవారికి ఎదుటి మనిషి ప్రశ్న ఎంత అవసరమో దీనివల్ల నాకు అర్థమైంది. మన దగ్గర కుర్చీలు ఖాళీగా ఉంటాయి, అక్కడ నిండి ఉండేవి. రెండు చోట్లా పోయింది ఒకటే.

నా వాదనకు ఎదురు చెప్పేవారి మాటల్లో రెండు నిజంగా బరువైనవి. మొదటిది, ప్రశ్నలకు మైకు ఇస్తే ప్రశ్న రాదు, ఉపన్యాసం వస్తుంది. ఒకరు తన కవితా సంపుటి నుంచి చదువుతారు, ఇంకొకరు వక్త కులం గురించి, ప్రాంతం గురించి వాదానికి దిగుతారు. ఇదంతా నేను చూశాను, చూసి బాధపడ్డాను. అయినా ఇది అధ్యక్షస్థానంలో ఉన్నవారి బాధ్యత. 25 నిమిషాలు మాట్లాడటానికి బదులు, వచ్చిన చీటీలు చదివి, ఒకే దారిలో ఉన్న ప్రశ్నలను కలిపి, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం ఇచ్చి, దారి తప్పినవారిని మర్యాదగా కూర్చోబెట్టడమే అధ్యక్షత అనుకుంటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. నిజానికి వేదిక మీద ఉపన్యాసం కన్నా కష్టమైన పని అదే. దానిని చక్కగా చేయగలిగిన పెద్దలు ఈ నగరంలో ఉన్నారు.

రెండవది సాయంత్రం సంగతి. హాస్టల్లో ఉండే ఆడపిల్లలు వేళకు లోపలికి చేరాలి, ఆడిటోరియం సిబ్బంది ఇంటికి వెళ్లాలి, అధ్యాపకురాలికీ పిల్లలుంటారు. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఇద్దరు పిల్లలను పెంచి, ఆఫీసు చేసి, దూరవిద్యలో తెలుగు ఎమ్మే చదివిన మనిషిని కనుక సాయంత్రం ఆరు గంటల వేళ ఒక స్త్రీకి ఎంత ఖరీదైనదో నాకు తెలుసు. అందుకే అన్నీ సాయంత్రానికి మార్చమనను. నెలకు ఒకటి, రెండవ శనివారం నాలుగు గంటలకు, 40 నిమిషాల ప్రసంగం, 40 నిమిషాల ప్రశ్నలు, వేదిక మీద ఇద్దరే మనుషులు. శాలువా కప్పాలనిపిస్తే చివర కప్పవచ్చు. ప్రసంగ సారాంశం ఒక పేజీ తెలుగులో వారం ముందు అందుబాటులో ఉంచితే, వచ్చేవాళ్లు చదువుకొని వస్తారు. మంచి ప్రశ్న అప్పటికప్పుడు పుట్టదు, అదీ కొన్నాళ్లు మనసులో నానాలి.

ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం, ఒక చిన్న పఠనాలయంలో ఇరవై మందిమి కూర్చున్న సమావేశంలో నా ప్రశ్న అడిగాను. ప్రసంగించింది పదవీ విరమణ చేసిన ఒక ఆచార్యుడు. వాగు దగ్గర ఆగిపోయే పాట గురించి చెప్పి, చరణం పోయిందో, చేరిందో తెలుసుకునే మార్గం ఉందా అని అడిగాను. ఆయన కొంతసేపు ఆలోచించి, ఒక్క ప్రతితో చెప్పలేమని, అదే పాట ఇంకొక ఊరి నుంచి దొరకాలని అన్నారు. అప్పుడు వెనక వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పెద్దావిడ "మాది హుజూర్‌నగర్ దిక్కమ్మా, మా చిన్నమ్మ గూడ వాగుకాన్నే ఆపేది" అన్నారు. ఎందుకని అడిగారు ఆచార్యులు. ఆమె చీర కొంగు సర్దుకొని, "వడ్లు అయిపోయేటియి సార్" అన్నారు. ఆయన మాట్లాడలేదు, కళ్లజోడు పెట్టుకొని కాగితం మీద రాసుకోసాగారు. ఆమె ఊరి పేరు, చిన్నమ్మ పేరు, ఒక్కసారి దంచడానికి ఎన్ని కుంచాలు పోసేవారో అన్నీ అడిగారు. పఠనాలయం మూసేవేళ అయిందని తాళంచెవి పట్టుకొని వచ్చిన కుర్రవాడు కూడా తలుపు దగ్గరే నిలబడి వింటున్నాడు.